సద్దిరాయుని గోడ

1997 మే 17, శనివారం. ఆ తేదీ దయాసాగర్‌కు ఇప్పటికీ గుర్తే. ఆ పొద్దున ఆత్మకూరు బస్టాండు ఎదురు హోటల్లో నాలుగు పులిబొంగరాలు, ఒక ఎర్రకారం దోశ తిన్నాడు. రెండో దోశ చెప్పబోతుంటే ఉదయగిరి బస్సు కదిలింది. ఆ తర్వాత ఐదు రోజుల దాకా విసుగు లేకుండా తిన్న తిండి అదే కాబట్టి, ఆ రెండో దోశ కోసం చాలాసార్లు నొచ్చుకున్నాడు.

బస్సు వెంట పరిగెత్తి, రంగు డబ్బాల సంచీతో ఫుట్‌బోర్డు మీదికి ఎక్కాడు. కండక్టరు సంచీ వాసన చూసి మొహం చిట్లించాడు.

"కిరసనాయిలా?"

"రంగులన్నా."

"వొలికిందంటే నీ చొక్కాతోనే తుడిపిస్తా," అని, తన సీటు కిందే జాగా చూపించాడు. సంగం వైపు నుంచి వచ్చిన కూలీలతో బస్సు కిటకిటలాడుతోంది. అంత రద్దీలోనూ ఎవరూ డబ్బాలను తన్నకుండా ఆ కండక్టరు దారి పొడుగునా కాలు అడ్డం పెట్టే కూర్చున్నాడు.

దయాసాగర్‌ది ఆత్మకూరులో బోర్డులు రాసే పని. లారీల వెనకాల పేర్లు, మెడికల్ షాపుల బోర్డులు, చర్చి గోడల మీద వాక్యాలు రాస్తాడు. ఇప్పుడు ఉదయగిరికి రెండు కిలోమీటర్ల అవతల ఉన్న రాయునిపాళెంలో, సద్దిరాయుడి గుడి మండపం గోడ మీద స్వామి కథంతా రాయాలి. ఎనిమిదడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పు గోడ. వచ్చే గురువారం వైశాఖ పౌర్ణమి, తిరునాళ. ఆర్డీవో గారు వస్తున్నారు. బుధవారం సాయంత్రానికి గోడ పూర్తి కావాలని గుడి కమిటీ ప్రెసిడెంటు అంకారావు ఖచ్చితంగా చెప్పాడు.

కథ దయాసాగర్‌కు కాగితం చూడకుండానే వచ్చు. ఒక కరువు ఏడు, ఏడెనిమిదేళ్ల పిల్లవాడు ఆకలితో ఊరంతా తిరిగాడట. అన్ని ఇళ్లవాళ్లూ రేపు రమ్మన్నారు. చివరికి వాడలో, అన్నిటికన్నా ఆఖరి గుడిసె ముందు నిలబడి, "అవ్వా, ఆకలిగా ఉండాది. ఏమన్నా ఉంటే పెట్టు," అన్నాడు. అవ్వ దగ్గర కుండ అడుగున రాత్రి సంగటి నీళ్లలో నానుతోంది. "ఇది సద్దిరా నాయనా, నిన్నటిది," అంది. "కూడు నిన్నటిదైతే ఏం, ఆకలి ఇప్పటిదే గదా," అన్నాడు పిల్లవాడు. తిని, చేయి పక్కనున్న బండకు తుడుచుకుని వెళ్లిపోయాడు. తెల్లారేసరికి బండ మీద ఐదు వేళ్ల గుర్తులు మిగిలాయి. ఆ బండే దేవుడు. అందుకే సద్దిరాయుడు.

ఆ అవ్వ ఇంటికే దయాసాగర్ పెద్దమ్మ, అంటే తల్లికి అక్క, లిదియమ్మ కోడలిగా పోయింది. ఆ ఇల్లు మూడు తరాల కిందటే బాప్టిస్టు సంఘంలో కలిసింది. అయినా వాడుక మాత్రం పోలేదు. తిరునాళ ముందురోజు పొద్దుగూకే వేళ, ఊరిపెద్ద పగలంతా పస్తుండి, డప్పులతో వాడకు వచ్చి, ఆ గడప ముందు కండువా చాపి, పిల్లవాడు అడిగిన మాటలే అడగాలి. ఇంటి ఆడమనిషి 'ఉండాది' అని బదులు చెప్పాలి. మరునాడు తెల్లవారుజామున సద్దికుండ ఆమే ఎత్తుకుని గుడికి పోవాలి. స్వామికి తొలి నైవేద్యం అదే. ముప్ఫై ఏళ్లుగా ఆ కుండ ఎత్తేది లిదియమ్మ. ఉదయగిరి పాస్టరు ఒకసారి ఇదేం పనమ్మా అని కోప్పడితే, "ఆకలైనోడికి పెట్టమని చదివేది మీరే గదయ్యా, నేను పెడతా ఉండా," అని ఆమె జవాబిచ్చిందట. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

తన చేత్తో తన పెద్దమ్మ ఇంటి కథ గోడ మీద రాయబోతున్నానని బస్సులో దయాసాగర్ పొంగిపోయాడు. అదే అతను చేసిన మొదటి తప్పు.

మొదటి రోజు పని బాగానే సాగింది. కమిటీ ముందే వేయించిన రెండు పూతల తెల్లరంగు ఆరిన గోడ మీద, నీలం పొడి రాసిన దారాన్ని పూజారి సిద్ధయ్య ఒక కొస పట్టుకోగా, ఇంకో కొస తాను లాగి టపీమని వదిలాడు. ఒకదాని కింద ఒకటి ఇరవై రెండు గీతలు పడ్డాయి. సిద్ధయ్యకు డెబ్భై దగ్గర పడుతున్నాయి. పెద్దగా మంత్రాలు రావు. గంట కొట్టడం, దీపం పెట్టడం, స్వామితో మాట్లాడటం వచ్చు. ప్రతి గీత పడినప్పుడూ పసివాడిలా కళ్లు మూసుకున్నాడు.

దయాసాగర్ రాసే పద్ధతి వేరు. ముందు పంక్తి మొత్తం అక్షరాల పొట్టలే గుండ్రంగా వేసుకుంటూ పోతాడు. అన్నీ అయ్యాక వెనక్కి వచ్చి తలకట్లు, గుడులు, కొమ్ములు పెడతాడు. మధ్యలో చూసినవాళ్లకు ఆ గోడ మీద ఏముందో అంతుపట్టదు. బ్రష్షు పట్టిన చెయ్యి వణకకుండా, కొసకు గుడ్డ చుట్టిన వెదురుకర్ర మీద మణికట్టు ఆనించుకుంటాడు. మే నెల ఎండకు ఎనామిల్ రంగు డబ్బాలోనే మీగడ కడుతోంది. ప్రతి పావుగంటకూ మీగడ తీసి, నాలుగు చుక్కలు టర్పెంటైన్ పోసి కలపాల్సి వచ్చింది. సాయంత్రానికి "ఆ సంవత్సరం ఘోరమైన కరువు వచ్చెను" దాకా వచ్చాడు.

రాత్రి లిదియమ్మ వంకాయ పులుసు వడ్డిస్తూ అడిగింది. ఆమె కళ్లకు పొరలు వచ్చి మూడేళ్లయింది. బైబిలు కూడా ఇప్పుడు పక్కింటి పిల్ల చదివితే వినడమే.

"యాడిదాకా వచ్చిందిరా? అవ్వ వచ్చిందా?"

"రేపు వస్తాది పెద్దమ్మా."

ఆదివారం ఆమె చర్చికి పోయింది. దయాసాగర్ గోడ దగ్గరికి పోయాడు. పది గంటలకు స్కూటరు మీద అంకారావు వచ్చాడు. వెనక సీటు మీద రిటైరైన తెలుగు పండితుడు నారాయణయ్య మాస్టారు, ఒళ్లో ఫైలుతో.

"ఏమయ్యా ఆర్టిస్టూ, యాడుండావు?"

"కరువులో ఉండానయ్యా."

"అయితే ఆపు."

నారాయణయ్య మాస్టారు కళ్లజోడు పైకి తోసి గోడ చదివాడు. "కరువు అనే మాట దేవాలయ గోడ మీద మంగళకరం కాదండీ. 'ఒకానొక కాలమున' అని వేయండి. అవ్వ అనేది కూడా మోటుగా ఉంది. 'ఒక భక్తురాలు' అనండి."

"కాగితం మీరిచ్చిందే కదయ్యా. పెద్దాయన రాయించింది," అన్నాడు దయాసాగర్ అంకారావు వైపు చూసి. పెద్దాయన అంటే అంకారావు తండ్రి, అంతకుముందు ఊరిపెద్ద. కిందటి కార్తీకంలో పోయాడు.

"అది పాతది. మాస్టారు సంస్కరించినాడు. నువ్వు తుడువు."

ఎనామిల్ తుడవడం అంటే సుద్దముక్కతో రాసింది తుడవడం కాదు. టర్పెంటైన్ గుడ్డతో రుద్దితే అక్షరం పోతుంది, ఎరుపు మాత్రం గోడంతా పాకి కుంకుమ పారబోసినట్టు అవుతుంది. మళ్లీ తెల్లరంగు వేసి, ఆరేదాకా సగం రోజు కూర్చోవాలి. కూర్చున్నాడు. సిద్ధయ్య కొత్తకుండలో నీళ్లు తెచ్చి అతని పక్కన నీడలో పెట్టాడు. నీడ జరిగినప్పుడల్లా కుండను కూడా జరుపుతూ వచ్చాడు.

"అవ్వ వచ్చిందా?" అని ఆ రాత్రి కూడా లిదియమ్మ అడిగింది.

"రంగు ఆరలేదు పెద్దమ్మా."

సోమవారం పొద్దున ఒకానొక కాలమున ఒక భక్తురాలు ఉండెను. పదకొండు గంటలకు ఆమె కూడా లేకుండా పోయింది. నారాయణయ్య మాస్టారు మూడో కాగితం తెచ్చాడు. అందులో దుర్గం కొండ మీద ఒక మహర్షి పన్నెండేళ్లు తపస్సు చేస్తాడు. స్వామి బాలుడి రూపంలో ప్రత్యక్షమవుతాడు. మహర్షి అమృతాన్నం నివేదిస్తాడు. స్వామి ఆనందించి శిల మీద హస్తముద్ర వేస్తాడు.

దయాసాగర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. నిచ్చెన మీద నుంచే అడిగాడు.

"సార్, మహర్షి అమృతాన్నం పెడితే సామికి సద్దిరాయుడని పేరెట్లా వచ్చిందండీ?"

మాస్టారు దగ్గాడు. "అది... పరిశోధించాల్సిన విషయం."

"పేరు పైన ఇంత లావున రాయి," అన్నాడు అంకారావు చేతులు చాపి. "ఎందుకొచ్చిందో ఎవురడుగుతారు? నువ్వు తప్ప ఎవురూ అడగరు."

"మరి పెద్దమ్మ కుండ?"

అంకారావు స్కూటరు అద్దంలో మీసం చూసుకున్నాడు. "నిలవ కూడు దేవుడికి పెట్టకూడదంట. ఆగమం ఒప్పుకోదంట. ఈ ఏటి నుంచి చక్కెర పొంగలి. ఆమెకూ పెద్దతనం గదా, పొద్దున్నే అంత దూరం మోసుకొచ్చేది ఎందుకు? మనమూ ఆలోచించాలి గదా."

స్కూటరు దుమ్ము అణగకముందే దయాసాగర్ బ్రష్షు డబ్బాలో విసిరికొట్టాడు. రంగు వెళ్లి సిద్ధయ్య పంచె మీద పడింది. సిద్ధయ్య పంచె చూసుకుని, "ఎరుపే గదా, పండగ రంగు," అన్నాడు.

మధ్యాహ్నం ఇద్దరూ మండపంలో కూర్చుని పెరుగన్నం తిన్నారు. సిద్ధయ్య ఊరగాయ బద్దను రెండుగా చీల్చి, పెద్ద ముక్క అతనికి వేశాడు.

"ఆగమం లేదు, ఏం లేదు," అన్నాడు గొంతు తగ్గించి. "మూడు వందలేండ్లు ఒప్పుకున్న ఆగమం ఈ ఏడే ఎందుకు ఒప్పుకోదు? అసలు కత వేరే ఉండాది."

"ఏంది?"

"పెద్దాయన ఉన్నన్నాళ్లూ ఆయన పోయి అడిగినాడు. ఇరవై ఏడేండ్లు. ఇప్పుడు అడగాల్సింది ఈయన. డప్పులు కొడతా ఉంటే, వాడలో అందురూ చూస్తా ఉంటే, ఆ గడప ముందర కండువా పట్టి 'ఆకలిగా ఉండాదమ్మా' అనాల. నోరు రావాలంటే రావద్దా? తన చేన్లో కలుపు తీసేదానికి వచ్చే వాళ్ల ముందర?" సిద్ధయ్య చేయి కడుక్కున్నాడు. "ఆ మాట అనలేడు. ఆ మాట లేని కత కావాల్సొచ్చింది. అంతే."

"మరి నువ్వు చెప్పగూడదా?"

"నేనెవుర్ని చెప్పేదానికి? గంట కొట్టేవోణ్ణి. సామి చెప్పాల." గర్భగుడి వైపు చూశాడు. "ఆయనా చెప్పడు. తిండి కాడ తప్ప నోరు తెరిచే రకం గాదు."

దయాసాగర్ భక్తురాలిని తుడిచి తెల్లరంగు వేసి, అది కాస్త ఆరాక చీకటి పడేదాకా మహర్షిని రాశాడు. విసుగుతో రాసిన అక్షరాలు ఎప్పటికన్నా అందంగా వచ్చాయి. అది చూసి ఇంకా విసుగొచ్చింది.

ఆ రాత్రి లిదియమ్మ అడగబోతుంటే తానే ముందు, "పెద్దమ్మా, చేతులు లాగుతా ఉండాయి," అన్నాడు. ఆమె కొబ్బరినూనె వెచ్చచేసి, తడుముకుంటూ వచ్చి, అతని కుడి మణికట్టుకు రుద్దింది. రెండో చేయి అడగకుండానే అందుకుంది.

మంగళవారం మూడింటి వేళ కర్ర పొడుచుకుంటూ ఆమే గుడికి వచ్చింది. మండపం మెట్ల పక్కనే నీళ్లు చల్లుతున్న సిద్ధయ్యతో కాసేపు ఏదో మాట్లాడింది. తర్వాత గోడ దగ్గరికి వచ్చి మొహం బాగా దగ్గరగా పెట్టింది. ఆమెకు తెలుపు మీద ఎర్రటి చారలు తప్ప ఏమీ కనిపించవని అతనికి తెలుసు.

"రంగు వాసన బాగుండాది," అంది. "ఎంత లావు అక్షరాలురా?"

"నాలుగంగుళాలు పెద్దమ్మా."

"చూసేవాళ్లకు దూరానికే కనపడతాయా?"

"రోడ్డు మీదికి కూడా."

ఆమె తలూపింది. కొంగుతో మొహం తుడుచుకుని, మెల్లగా అడిగింది.

"యాడుండాది అవ్వ? చూపీ."

దయాసాగర్ నిచ్చెన మీద ఉన్నాడు. దిగాడు. దిగేటప్పుడు నిచ్చెనకు మెట్లు ఎందుకు ఇంత తక్కువ ఉన్నాయా అనుకున్నాడు. ఆమె చేయి పట్టుకుని, ఏడో పంక్తిలో 'మహర్షి' అన్న మాట దగ్గరికి తీసుకుపోయాడు.

"ఇదిగో. ఇక్కడ."

ఆమె చూపుడువేలు ఆ అక్షరాల పక్కగా ఒక్క క్షణం ఆగి, మెల్లగా తాకింది. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. వేలికి అంటింది. ఆమె వేలిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, కొంగుకు తుడుచుకోకుండా, అలాగే చేయి విడిగా పట్టుకుని ఇంటికి పోయింది.

మాట మీద వేలి గుర్తు పడింది. బ్రష్షుతో సరిచేయాల్సిందే. అతను సరిచేయలేదు.

ఆ రాత్రి ఆమె ఏమీ అడగలేదు. అన్నం పెట్టింది, చారు పోసింది, పక్క వేసింది.

బుధవారం పొద్దున లేచేసరికి పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. ఎప్పటి కుండే, ఎప్పటిలాగే. లిదియమ్మ తెడ్డుకర్రతో రెండు చేతులా గెలుకుతోంది. చల్లారాక నీళ్లు పోసి నానబెడితే, ఈ ఎండకు సాయంత్రానికే పులుపెక్కుతుంది.

"ఎందుకు పెద్దమ్మా?" అన్నాడు విసుగ్గా. ఆ విసుగు ఎవరి మీదో అతనికే తెలియలేదు. "వాళ్లు రారంట. నీకు ఎవురూ చెప్పలేదా?"

"చెప్పినారు."

"ఎవురు?"

"సిద్ధయ్య. నిన్న మెట్ల కాడ గోడ మొత్తం చదివించుకున్నా. ఆ తర్వాతనే నీకాడికొచ్చినా."

పొయ్యిలో చితుకు చిటపటలాడింది.

"నీ అబద్దం పట్టుకోవాలని కాదురా," అంది తెడ్డు ఆపకుండా. "అవ్వను తీసేసినారని నీ నోట వింటే ఓర్చుకోవచ్చు అనుకున్నా. అక్షరాలు నీవి, మాటలు వాళ్లవి. దాంట్లో నీ తప్పేముండాది, కూలి పని. నువ్వు నా చెయ్యి పట్టుకుని చూపిచ్చినావే, అదొక్కటి మాత్రం వాళ్లది కాదు. నీదే."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. అతను చొక్కా వేసుకుని బయటపడ్డాడు.

గుడి దగ్గర పందిళ్లు వేస్తున్నారు. మైకువాడు 'హలో, మైకు టెస్టింగు' అని అరుస్తున్నాడు. దయాసాగర్ గుడ్డ టర్పెంటైన్‌లో ముంచి, నిచ్చెనెక్కి, మహర్షిని తుడిచాడు. పన్నెండేళ్ల తపస్సు తుడిచాడు. అమృతాన్నం తుడిచాడు. పైన స్వామి పేరు, కింద హస్తముద్ర వదిలేశాడు. మధ్యలో ఎనిమిది పంక్తుల జాగా ఎర్రగా మరకలు పడి మిగిలింది. దాని మీద తెల్లరంగు రెండు పూతలు వేసేసరికి పన్నెండయింది.

"ఏం జేస్తా ఉండావు?" అన్నాడు సిద్ధయ్య కిందనుంచి.

"ఆరబెడతా ఉండా."

"ఆరినాక?"

"తెలీదు."

సిద్ధయ్య తల గోక్కుని, నిచ్చెన కదలకుండా పట్టుకున్నాడు.

బ్రష్షులు కడుక్కుని, సంచీ భుజానేసుకుని ఇంటికొచ్చాడు. మరునాడు పొద్దున్నే బస్సెక్కి పోదామనుకున్నాడు. లిదియమ్మ ఎందుకొచ్చావని అడగలేదు. గుమ్మం దాటగానే చెంబుతో నీళ్లిచ్చింది. ఆమె ముందు నిలబడి, "తుడిచేసినా," అన్నాడు. ఆమె పీట వాల్చి, "అన్నం తిను," అంది.

అంకారావుకు ఆ సంగతి నాలుగు గంటలకు తెలిసింది. ఆ రోజు అతనికి ఊపిరి తీసుకునే తీరిక లేదు. షామియానావాళ్లు తక్కువ గుంజలు తెచ్చారు. ఉదయగిరి నుంచి ఐసు రాలేదు. ఆర్డీవో ఆఫీసు నుంచి మూడుసార్లు మూడు వేళలు చెప్పారు. పైగా పస్తు. తండ్రి కాలంలో పస్తు సాయంత్రం గడప ముందు అడగడంతో ముగిసేది. నారాయణయ్య మాస్టారి కొత్త ఏర్పాటులో అడగడం పోయింది కాబట్టి, పస్తు మరునాటి అభిషేకం దాకా సాగింది. దాని గురించి అంకారావు ముందుగా ఆలోచించినట్టు లేదు.

పొద్దుగూకుతుండగా, ఎండకు నల్లబడిన మొహంతో, చెప్పుల చప్పుడు చేసుకుంటూ వాడలోకి వచ్చాడు. డప్పులు లేవు, వెనక మనుషులు లేరు. స్కూటరులో పెట్రోలు అయిపోయి, ఊరి చివర నుంచి నడిచే వచ్చాడు.

"దయాసాగర్! ఒరే, బయటికి రా! ఆ గోడ ఏంది? రేపు ఆర్డీవోకు తెల్లగోడ చూపియ్యాల్నా నేను? నీకేమన్నా పిచ్చిగాని పట్టినాదా? పెట్రోమాక్సు లైటు తెప్పిస్తా, రాత్రంతా కూర్చుని రాయి, లేదంటే..."

లేదంటే ఏమవుతుందో చెప్పలేదు. మాట మధ్యలోనే ఆగిపోయింది. దయాసాగర్ గుమ్మంలోకి వచ్చేసరికి అంకారావు పందిరి గుంజను పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెదవులు తెల్లగా ఉన్నాయి. గుంజ పట్టుకునే మెల్లగా కిందికి జారి, అరుగు మీద కూలబడ్డాడు.

"కళ్లు తిరగతా ఉండాయి," అన్నాడు ఎవరితోనో. "కాసిని నీళ్లు."

లిదియమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది.

"ఎవురది?"

"అంకారావు గారు పెద్దమ్మా."

"గొంతు అట్లుండాదే? పొద్దున్నుంచి ఏం తిన్లేదా నాయనా?"

అంకారావు తల ఊపాడు. ఆమెకు కనిపించదని గుర్తొచ్చి, "లేదు," అన్నాడు.

"ఉట్టి కడుపున ఉట్టి నీళ్లు పడితే వాంతవుతాది. ఉండు."

లోపలికి పోయి సత్తుగిన్నెతో వచ్చింది. సద్దికుండలోని సంగటి ముద్దను ఆ నానిన నీళ్లలోనే చేత్తో మెదిపి, ఉప్పు వేసి, ఉల్లిపాయ చితగ్గొట్టి వేసింది. దయాసాగర్ నోరు తెరిచాడు. అది రేపటిదని చెబుదామనుకున్నాడు. ఆమె చేయి అతని భుజాన్ని తాకి పక్కకు జరిపింది.

అంకారావు గిన్నె అందుకుని దానివంక చూశాడు. అదేమిటో అతనికి తెలుసు. చిన్నప్పుడు తండ్రి వేలు పట్టుకుని డప్పుల వెంట ఇక్కడికి వచ్చినవాడే. ఆ తండ్రి ఇరవై ఏడేళ్లు ఈ గడప ముందు అడిగాడు, ఒక్క మెతుకు నోట వేసుకోకుండానే తిరిగి పోయాడు. అడగడం దాకానే ఆచారం. తినడం దేవుడి వంతు.

అంకారావు ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క. ఆ తర్వాత గిన్నె దించలేదు. గొంతు ముడి పైకీ కిందికీ ఆడుతోంది. మీసాల మీద నుంచి పుల్లనీళ్లు చొక్కా మీదికి కారాయి. చివర్లో అడుగున మిగిలిన సంగటిని వేలితో ఊడ్చి నాకాడు. ఎదురింటి పంచలో బియ్యం చెరుగుతున్న మస్తానమ్మ చేట ఆపి చూస్తోంది. ఆమె పక్కన ఇంకో ఇద్దరు చేరారు.

ఖాళీ గిన్నె ముందుకు చాపాడు.

"ఇంకొంచెం ఉంటే పెట్టమ్మా."

ఆ మాట బయటికి వచ్చాక కాని అతనికే వినపడలేదు. చాపిన చేయి అలాగే ఉండిపోయింది. ఎదురు పంచలో మస్తానమ్మ చేట కింద పెట్టి, నెత్తిన కొంగు సర్దుకుంది.

లిదియమ్మ ఒక్కతే మామూలుగా ఉంది. "ఉండాది నాయనా," అని గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

రెండో గిన్నె అంకారావు నిదానంగా తాగాడు. తాగుతున్నంతసేపూ తల ఎత్తలేదు. అయ్యాక గిన్నెను అరుగు మీద బోర్లించి, చేయి ఎక్కడ తుడుచుకోవాలో తెలియనట్టు చూసి, తన కండువాకే తుడుచుకున్నాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు. ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని, విసుక్కుని, మార్చుకున్నాడు.

"కుండలో ఇంకా ఉండాదా?" అన్నాడు గుంజ వైపు చూస్తూ.

"కొంచెం ఉండాది."

"తెల్లారి డప్పులోళ్లను పంపిస్తా. ఐదుకే వస్తారు. ఆలస్యం చెయ్యబాక."

"మాస్టారు ఏమంటాడో?" అన్నాడు దయాసాగర్. అనకుండా ఉండలేకపోయాడు.

"మాస్టారా? పొద్దున్నుంచి పస్తుండింది మాస్టారా, నేనా?" అంకారావు కసురుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరగలేదు. "నువ్వు మూడింటికే లేసి ఆ గోడ నింపు. ఎనిమిదికంతా ఆరిపోవాల."

"ఏం రాయాలయ్యా?"

"ఏందో ఒకటి రాయి! నీకు తెలీదా? అన్నీ నేనే చెప్పాల్నా? నన్నడగబాక!"

చెప్పుల చప్పుడు ఊరివైపు దూరమైంది. మస్తానమ్మ చేట మళ్లీ అందుకుంది.

దయాసాగర్ అరుగు మీదే కూర్చుని సంచీ విప్పాడు. డబ్బాలో రంగు చాలుతుందో లేదో కదిలించి చూశాడు. ఎనిమిది పంక్తులు. అవ్వ గుడిసె, కుండ, పిల్లవాడు, వాడన్న మాట. సన్నగా రాస్తే సరిపోతుంది. కాదు, సన్నగా రాయకూడదు. తలకట్లు పలచగా వేస్తే సరి.

"పెద్దమ్మా," అన్నాడు. "నిన్న నేను..."

"తెలుసులే. మూడింటికి లేపుతా, పడుకో."

"సామికి ఏం మిగిలింది?"

లిదియమ్మ కుండలోకి చేయి పెట్టి అడుగు తడిమింది. ఒక ముద్ద ఉంది, చిన్న ముద్ద. దాని మీద ఇంకాసిని నీళ్లు పోసింది.

"చాల్లే," అంది. "పిల్లోడేగా, ఎంత తింటాడు?"

కుండ మీద మూత పెట్టి, గోడ వారగా జరిపింది. దీపం వత్తి తగ్గించింది. అరుగు మీద పడుకున్న అతని కాళ్ల మీద దుప్పటి ఉందో లేదో తడిమి చూసింది. తర్వాత లోపలికి పోయి, చప్పుడు కాకుండా తలుపు వేసి, గడియ పెట్టుకుంది.